తెర మీది బొమ్మను గీసేదెవరు? తక్కువ ఖర్చులో ఆటల కంప్యూటరు

వార్షిక పరీక్షలు అయిపోయాయి అనుకుందాం. మంచి మార్కులు తెచ్చుకుంటే కంప్యూటరు కొనిస్తానని నాన్నగారు మీకు ఎప్పుడో మాట ఇచ్చారు. ఇంట్లో అందుకోసం కొంత డబ్బు కూడబెట్టారు. చదువుకోవడానికీ, తీరిక వేళ ఆటలు ఆడుకోవడానికీ అదే యంత్రం. ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. "ఆటలు ఆడాలంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండా కుదరదు బాబూ!" అన్నాడు దుకాణదారు. పక్క దుకాణంలో అడిగితే, "కార్డు ఎందుకండీ దండగ? గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే ఉన్నాయి కదా!" అన్నాడు ఇంకొకాయన.

ఎవరి మాట నమ్మాలి? ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. ఎంత నిజం అన్నదే తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ డబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చేది కాదు. తేల్చుకోవడానికి మీకు కావలసింది పెద్ద చదువేమీ కాదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. రండి, లెక్క వేద్దాం.

తెర మీద ఎన్ని చుక్కలు?

మొబైల్ ఫోను తెర మీద చిన్న నీటి బొట్టు వేసి, దాని గుండా చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఆ మూడు రంగులు కలిసిన ఒక్కొక్క గుంపును పిక్సెల్ అంటారు. ముగ్గులోని చుక్కల్లాగే ఇవి అడ్డ వరుసల్లోనూ, నిలువు వరుసల్లోనూ పేర్చి ఉంటాయి.

సాధారణంగా కనిపించే కంప్యూటరు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ళు ఉంటాయి. హెచ్చవేయండి. 20,73,600 వచ్చింది కదూ! ఒక్క బొమ్మ గీయాలంటే ఇన్ని చుక్కలకూ ఏ రంగు వేయాలో నిర్ణయించాలి.

ఒక్క బొమ్మతో ఆట సాగదు. సినిమా తెర మీద సెకనుకు 24 బొమ్మలు మారితే మన కంటికి కదలిక కనిపిస్తుంది. ఆటలో అది చాలదు. మీరు మీట నొక్కగానే తెర మీద మనిషి కదలాలి. అందుకే సెకనుకు 60 బొమ్మలు ఉంటే ఆట హాయిగా సాగుతుందంటారు. 30 ఉంటే ఆడుకోవచ్చు. అంతకు దిగితే బొమ్మ కుంటుతూ నడుస్తుంది.

20,73,600ని 60తో హెచ్చవేస్తే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు! అదీ ప్రతి చుక్కకూ ఒక్కసారే రంగు వేస్తే. వెలుగు, నీడ, పొగ, నీటి మీద ప్రతిబింబం - వీటన్నింటి కోసం ఒక్కొక్క చుక్క మీద ఎన్నోసార్లు లెక్క చేయవలసి వస్తుంది. ఒక్కొక్క బొమ్మకు దొరికే సమయమో, సెకనులో అరవయ్యో వంతు మాత్రమే.

ఒక నిపుణుడు, వరినాట్ల బృందం

ఈ పని ఎవరు చేస్తారు? కంప్యూటరు మెదడు అనదగిన ప్రాసెసరు ఎంత కష్టమైన లెక్కనైనా వేగంగా చేయగలదు. కాని దానిలో పనిచేసే కోర్లు కొద్ది. నాలుగో, ఆరో, ఎనిమిదో ఉంటాయి.

వరినాట్లు వేసే రోజున పొలానికి వెళ్ళి చూడండి. ఒక్కొక్క మొక్క నాటడం పెద్ద విద్య కాదు. కాని మొక్కలు లక్షల్లో ఉంటాయి. ఊళ్ళోకెల్లా తెలివైన రైతు ఒక్కడే దిగితే ఎన్నాళ్ళు పడుతుంది? నలభై మంది ఆడవాళ్ళు వరుసగా నిలబడి నాటుకుంటూ వెనక్కి నడిస్తే పూట తిరిగేసరికి మడి నిండుతుంది. ఒకరు నాటే మొక్కకోసం పక్కవారు ఆగనక్కరలేదు.

తెర మీది చుక్కలు కూడా ఇంచుమించు అలాంటివే. ఒక చుక్క రంగు తేల్చడానికి పక్క చుక్క కోసం చాలావరకు ఎదురుచూడనక్కరలేదు. అందువల్ల చిన్న చిన్న లెక్కలు చేసే వందల, వేల విభాగాలు ఒకేసారి పనిలోకి దిగవచ్చు. అలాంటి బృందమే గ్రాఫిక్స్ ప్రాసెసరు. దాన్నే జి.పి.యు. అంటారు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి అనే ప్రాసెసరునే చూడండి. దానిలో మామూలు కోర్లు 6. అదే చిప్పులో ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ విభాగంలో చిన్న లెక్కల విభాగాలు 448!

ఇలా ప్రాసెసరులోనే ఇమిడి ఉన్నదాన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. మన సౌకర్యానికి 'లోపలి గ్రాఫిక్స్' అందాం. మదర్‌బోర్డు మీద విడిగా అమర్చే పలకను 'విడి కార్డు' అందాం.

రెండు దారులు ఎలా వచ్చాయి?

1996లో ఊడూ గ్రాఫిక్స్ అనే విడి కార్డు వచ్చి, ఇంటి కంప్యూటర్లలో మూడు కొలతల బొమ్మల ఆటలకు ఊపు తెచ్చింది. 1999లో ఎన్విడియా సంస్థ తన జీఫోర్స్ 256 చిప్పును జి.పి.యు. అనే పేరుతో ప్రచారం చేసింది. ఆ పేరే స్థిరపడింది. అదే 1999లో ఇంటెల్ సంస్థ మదర్‌బోర్డు మీది చిప్పుసెట్టులోనే గ్రాఫిక్స్‌ను ఇమిడ్చి ఐ810ను విడుదల చేసింది. అది చవక, ఆటలకు మాత్రం అంతంతమాత్రం. 2011 నాటికి ఇంటెల్, ఎ.ఎం.డి. రెండూ గ్రాఫిక్స్ విభాగాన్ని ప్రాసెసరు ఉండే చిప్పులోకే తెచ్చాయి. అక్కడి నుంచి లోపలి గ్రాఫిక్స్ ఏటేటా బలపడుతూ వచ్చాయి. "లోపలి గ్రాఫిక్స్ మీద ఆటలు ఆడలేం" అన్న మాట పుట్టింది పాత రోజుల్లో. ఈనాటి అన్ని ప్రాసెసర్లకూ అది వర్తించదు.

నారు అందకపోతే నాట్లు ఎలా?

అయితే అసలు తేడా ఎక్కడుంది? కూలీల సంఖ్యలోనా? కొంతవరకు అవును. కాని అంతకంటె పెద్ద తేడా మరొకటి ఉన్నది. మళ్ళీ పొలానికి వెళదాం.

నలభై మంది నాట్లకు సిద్ధంగా ఉన్నారు. నారుమడి దూరంగా ఉన్నది. సన్నని గట్టు మీద నడిచి ఒకే ఒక్కడు నారు కట్టలు మోసుకొస్తున్నాడు. ఏమవుతుంది? చేతిలో నారు లేక అందరూ నడుం మీద చేయి వేసుకుని నిలబడతారు. ఇంకో నలభై మందిని తెచ్చినా పని ముందుకు సాగదు. కావలసింది కూలీలు కాదు, నారు తెచ్చే దారి.

గ్రాఫిక్స్ ప్రాసెసరుకు నారు అంటే మెమొరీలోని సమాచారం: గోడల రంగులు, చెట్ల ఆకారాలు, మనుషుల ముఖాలు. అది సెకనుకు ఎంత అందుతుందో లెక్క కట్టవచ్చు. సూత్రం ఇది:

తీగల సంఖ్య × ఒక్కో తీగ మీద సెకనుకు వచ్చే బిట్లు ÷ 8 = సెకనుకు బైట్లు.

8 బిట్లు ఒక బైటు కనుక 8తో భాగించాలి. డి.డి.ఆర్.4-3200 రకం ర్యామ్ తీసుకోండి. ఒక దారికి 64 తీగలు. ఒక్కో తీగ మీద సెకనుకు 320 కోట్ల బిట్లు. 64 × 320 కోట్లు ÷ 8 = 2,560 కోట్ల బైట్లు. అంటే 25.6 గిగాబైట్లు. రెండు ర్యామ్ పలకలను రెండు దారుల్లో పెడితే 51.2 గిగాబైట్లు.

ఇప్పుడు విడి కార్డు సంగతి. 2019లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650 చిన్న కార్డే. దాని మెమొరీ అందించేది సెకనుకు 128 గిగాబైట్లు. 2021లో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 అందించేది 224 గిగాబైట్లు. పైగా లోపలి గ్రాఫిక్స్ వాడుకునే 51.2 కూడా దానికొక్కదానికే దక్కదు. ప్రాసెసరు కూడా అదే గట్టు మీద నడవాలి. విడి కార్డుకైతే తన నారుమడి తన పొలంలోనే ఉన్నది!

లోపలి గ్రాఫిక్స్ స్వతహాగా తక్కువ రకమా? కాదు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 లో ప్రాసెసరు, గ్రాఫిక్స్ రెండూ ఒకే చిప్పులో ఉన్నాయి. కాని దాని మెమొరీ వేగం సెకనుకు 448 గిగాబైట్లు. దారి వెడల్పు చేస్తే లోపల ఉన్నా సరే, పని పరుగెత్తుతుంది. ఇంటి కంప్యూటరులో మామూలు ర్యామ్ వాడతాం కనుక ఆ వెడల్పు దొరకదు. అదీ కీలకం.

అట్ట మీది అంకెలు చూసి మోసపోకండి

"ఇది 2 జి.బి. కార్డు. ఆటలన్నీ ఆడుతుంది" అని ఎవరైనా చవకగా ఒక పాత కార్డు ఇవ్వబోతే కాస్త ఆగండి. 2 జి.బి. అన్నది నారుమడి వైశాల్యం. గట్టు వెడల్పు కాదు. జి.టి. 710 అనే పాత కార్డు సంగతి చూడండి. దానిలో చిన్న లెక్కల విభాగాలు 192. డి.డి.ఆర్.3 మెమొరీతో అది అందుకునేది సెకనుకు 14.4 గిగాబైట్లు. ఇందాక చెప్పుకున్న రైజెన్ ప్రాసెసరులోని లోపలి గ్రాఫిక్స్‌కు దొరికే 51.2తో పోల్చండి. ఇలాంటి కార్డు కొంటే డబ్బూ పోయె, ఆటా నెమ్మదించె!

ఇంకో చిక్కు ఉన్నది. పేరు ఒకటే, సరుకు వేరు. జి.టి. 1030 అనే కార్డు రెండు రకాల మెమొరీలతో వచ్చింది. 2017లో వచ్చిన దానికి సెకనుకు 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో వచ్చిన డి.డి.ఆర్.4 రకానికి 16.8 మాత్రమే. అంటే మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఆర్.టి.ఎక్స్. 3050 కూడా అంతే. 8 జి.బి. రకంలో చిన్న లెక్కల విభాగాలు 2560, 6 జి.బి. రకంలో 2304. మెమొరీ వేగంలోనూ తేడా ఉన్నది. కాబట్టి కార్డు పేరు అడిగి ఊరుకోవద్దు. మెమొరీ రకం, తీగల సంఖ్య, వేగం - ఈ మూడూ అడగండి.

ఏ ఆట? ఏ తెర?

ఆటలన్నీ ఒక్క బరువు కావు. వాలరెంట్ అనే ఆటను 2020లో విడుదల చేశారు. 2012 నాటి ఇంటెల్ హెచ్.డి. 4000 లోపలి గ్రాఫిక్స్‌ను దాని కనీస అవసరంగా పేర్కొన్నారు. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆట కూడా, అలంకారాలు తగ్గిస్తే, లోపలి గ్రాఫిక్స్ మీద నడుస్తుంది. అదే 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 సంగతి వేరు. 2023లో ఆ సంస్థ సవరించి ప్రకటించిన కనీస అవసరం జి.టి.ఎక్స్. 1060 - 6 జి.బి. విడి కార్డు.

తెర కూడా ముఖ్యమే. 1280 × 720 చుక్కలకు బొమ్మ గీయమని ఆటకు చెప్పామనుకోండి. అప్పుడు చుక్కలు 9,21,600. ఇందాకటి 20,73,600లో సగంకంటె తక్కువ. పని రెండుంబావు వంతులు తేలికయింది! బొమ్మ కొంచెం మసకగా ఉంటుంది, అంతే. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం కిటుకు ఇదే. దానిలో ఉన్నవి లోపలి గ్రాఫిక్సే. తెర చిన్నది, చుక్కలు 1280 × 800. మెమొరీ వేగం సెకనుకు 88 గిగాబైట్లు. పని తగ్గించి, దారి పెంచారు. అందుకే అరచేతుల్లో ఇమిడే యంత్రం మీద పెద్ద ఆటలు కూడా చాలా నడుస్తున్నాయి.

కార్డు వెంట వచ్చే ఖర్చులు

విడి కార్డు ధర ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే సరిపోదు. దానికి కరెంటు కావాలి. మదర్‌బోర్డు మీది గాడి 75 వాట్ల దాకా ఇస్తుంది. అంతకు మించి కావలసిన కార్డుకు ఎస్.ఎం.పి.ఎస్. నుంచి విడిగా తీగ వేయాలి. ఆర్.ఎక్స్. 6600కు 132 వాట్లు కావాలి. క్యాబినెట్టుతోబాటు వచ్చే చవక ఎస్.ఎం.పి.ఎస్. మీద దాన్ని నడపడం మంచిది కాదు. నాణ్యమైనది కొనాలి. అది అదనపు ఖర్చు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? 132 వాట్ల కార్డు పూర్తి శక్తితో రోజుకు 2 గంటలు పనిచేస్తే 264 వాట్-గంటలు. నెలకు 7,920. వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్టు కనుక, నెలకు దాదాపు 8 యూనిట్లు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు మూడున్నర గంటలు తిరిగినంత. భయపడవలసినంత కాదు. కాని ఆ కరెంటు అంతా చివరికి వేడిగా మారుతుంది. మే నెలలో, చిన్న గదిలో, దుమ్ము పట్టిన క్యాబినెట్టులో ఆ వేడి కార్డుకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. గాలి ఆడే చోట పెట్టాలి.

ధరల సంగతి మరొకటి. 2020 నుంచి 2022 దాకా చిప్పుల కొరత వల్లా, క్రిప్టో నాణేల తవ్వకానికి కార్డులు తెగ కొనడం వల్లా వాటి ధరలు ఆకాశానికి ఎక్కాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే నాణెం కార్డులతో పనిలేని పద్ధతికి మారింది. తవ్వకందారుల కార్డులు ఎన్నో పాత సరుకుగా అంగడికి వచ్చాయి. పాత కార్డు కొనాలనుకుంటే ఎదురుగా ఒక అరగంట ఆట ఆడించి, ఫ్యాన్లు సరిగా తిరుగుతున్నాయో, తెర మీద మచ్చలు వస్తున్నాయో చూసి మరీ కొనండి.

మరి ఏది కొనాలి?

కాగితం, కలం తీసుకోండి. మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి: నేను నిజంగా ఆడే ఆటలు ఏవి? స్నేహితుల ఇంట్లో చూసి మురిసినవి కాదు, రోజూ ఆడేవి. అవి తేలికైనవైతే లోపలి గ్రాఫిక్స్ చాలు. మిగిలిన డబ్బుతో ర్యామ్ పెంచండి, మంచి మానిటరు కొనండి. చదువుకు కూడా అవి పనికివస్తాయి.

రెండు: కార్డుకు కేటాయించగల డబ్బుతో మంచి కార్డు వస్తుందా? రాకపోతే పనికిమాలిన కార్డు కొనకండి. లోపలి గ్రాఫిక్స్ బలంగా ఉన్న ప్రాసెసరు కొని, ఏడాది రెండేళ్ళు కూడబెట్టి అప్పుడు కార్డు పెట్టుకోండి. బల్ల మీది కంప్యూటరులో ఆ వీలున్నది. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఆ వీలు లేదు. అందుకే ల్యాప్‌టాప్ కొనేవారు మొదటే ఆలోచించాలి.

మూడు: బరువైన ఆటలే ఆడాలా? త్రీ-డీ బొమ్మలు, వీడియోల కూర్పు కూడా నేర్చుకుంటారా? అలాగైతే విడి కార్డు దండగ కాదు.

వాయిదా వేసేవారికి ఒక హెచ్చరిక. మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్య కూడా ఒక దారి ఉంటుంది. కార్డు సొంత మెమొరీ నిండిపోతే మిగిలిన సమాచారం ఆ దారినే రావాలి. పి.సి.ఐ.ఈ. 3.0 రకంలో 16 వరుసలుంటే సెకనుకు దాదాపు 16 గిగాబైట్లు వస్తాయి. 4 వరుసలే ఉంటే దాదాపు 4 మాత్రమే. 2022లో వచ్చిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. 4 వరుసలే వాడుకుంటుంది. రైజెన్ 5600జి ఇచ్చేది 3.0 రకం. ఈ రెంటినీ జత చేస్తే నష్టం. కాబట్టి ఈ రోజు ప్రాసెసరు కొనేటప్పుడే రేపటి కార్డును మనసులో పెట్టుకోవాలి.

ఇంకొకటి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు. ధర కొంచెం తక్కువ కదా అని కార్డు లేకుండా అది కొన్నారో, ఇంటికి తెచ్చాక తెర నల్లగానే ఉంటుంది!

కొన్న తర్వాత

లోపలి గ్రాఫిక్స్ వాడేవారు 16 జి.బి. ర్యామ్‌ను ఒకే పలకగా కాక 8 జి.బి. పలకలు రెండుగా కొనాలి. మదర్‌బోర్డు పుస్తకం చూసి, చెప్పిన గాళ్ళలోనే పెట్టాలి. అప్పుడు 25.6 కాస్తా 51.2 అవుతుంది. ర్యామ్‌లో కొంత భాగం బొమ్మలకు పోతుందని కూడా గుర్తుంచుకోండి. 8 జి.బి.లో 2 జి.బి. దానికి కేటాయిస్తే మిగతా పనులకు మిగిలేది 6.

విడి కార్డు వాడేవారు మానిటరు తీగను కార్డుకే తగిలించాలి. చాలామంది అలవాటు కొద్దీ మదర్‌బోర్డుకు తగిలిస్తారు. అప్పుడు కొత్త కార్డు పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది, పాపం లోపలి గ్రాఫిక్సే చెమటోడుస్తుంది!

మీరే చేసి చూడండి

మీ ఇంట్లోనో, స్నేహితుల ఇంట్లోనో కంప్యూటరు ఉంటే ఒక ఆట తెరవండి. సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చూపించే అంకె చాలా ఆటల అమరికల్లో ఉంటుంది. ఒకే చోట నిలబడి ఆ అంకె రాసుకోండి. తర్వాత తెర చుక్కలు 1920 × 1080 నుంచి 1280 × 720కి తగ్గించి మళ్ళీ రాసుకోండి. ఆపైన నీడలు తీసేసి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి సుమా! అప్పుడే ఏ మార్పువల్ల ఎంత లాభమో తెలుస్తుంది. శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసే పద్ధతి కూడా ఇదే.

చివరగా ఒక లెక్క. ఒక కార్డు మెమొరీకి 96 తీగలు ఉన్నాయి. ఒక్కో తీగ మీద సెకనుకు 1,400 కోట్ల బిట్లు వస్తాయి. సెకనుకు ఎన్ని గిగాబైట్లు? 168 అని వచ్చిందా? ఇందాక చెప్పుకున్న ఆర్.టి.ఎక్స్. 3050 - 6 జి.బి. రకం కార్డు అదే. దానికి కావలసింది 70 వాట్లు. మరి దానికి ఎస్.ఎం.పి.ఎస్. నుంచి విడి తీగ తప్పనిసరా, కాదా? పై పేరాల్లో జవాబు ఉన్నది. వెతికి చూసుకోండి. ఈ లెక్క చేయగలిగినవారు దుకాణంలో ఎవరి మాటకూ తబ్బిబ్బు పడనక్కరలేదు. కాగితం జేబులో పెట్టుకుని, నాన్నగారితో ధైర్యంగా వెళ్ళండి.